వంశము వెదకించుట



కడచిన వేసవిలో మా వీథిలోని ఒక పెద్దమనిషి నాయొద్దకు వచ్చి, "సారూ, కూలి ఇస్తె బాయి తవ్వెటోడున్నడు, గోడ కట్టెటోడున్నడు. మా తాతలెవరో చెప్పెటోనికి కూలెంత?" అని అడిగెను. పరిహాసమనుకొని నవ్వితిని. ఆయన నవ్వలేదు. గోదావరిఖని గనులలో ముప్పదియైదేండ్లు పనిచేసి ఇప్పుడు పింఛను పుచ్చుకొనుచున్న కాపు ఆయన. మనుమనికి సంబంధము కుదిరినది. పిల్లవారు వాడుక ప్రకారము ఇంటిపేరు, గోత్రము అడిగిరి. ఇంటనున్న కాగితములన్నింటను ఒక ఇంటిపేరు కలదు. అది తనది కాదని మాత్రమే ఆయన ఎఱుగును. తనది ఏదియో ఎఱుగడు.

ఇట్టి స్థితి యెట్లు కలిగెనో ఈ బొగ్గు ప్రాంతమువారికి చెప్పనక్కఱలేదు. దూరపు శ్రోతలకొఱకు రెండు మాటలు చెప్పెదను. 1871లో విలియం కింగ్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు ఇల్లందు చెంత బొగ్గును గుర్తించెను. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ ఇంగ్లండులో ఏర్పడెను. 1889లో ఇల్లందున త్రవ్వకము మొదలయ్యెను. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ యను పేరు వచ్చెను. పిమ్మట బెల్లంపల్లి, 1937లో కొత్తగూడెము, 1961లో మా రామగుండము. గని తెఱచిన చోటికెల్ల నలుదిక్కుల పల్లెలనుండి జనము వచ్చి చేరెను. కఱవు తఱిమినవారు కొందఱు, అప్పు తఱిమినవారు కొందఱు, ఇంటిలో తగవుపడి చెప్పకుండ వచ్చినవారు కొందఱు. పనికి పేరు వ్రాయించుకొన్నవాడు భయపడి ఊరికి మరలిపోగా, ఆ పేరుమీదనే మఱియొకడు దిగెను. ఒకసారి దిగినవానికి ఆ పేరే నిలిచెను. మస్టరులో ఆ పేరు, జీతపు చిట్టాలో ఆ పేరు, క్వార్టరు ఆ పేరున, పిల్లలను బడిలో చేర్చునప్పుడును ఆ పేరే. దీనినే మావారు మాఱుపేరు అందురు. ఈ మాఱుపేర్ల చిక్కు తండ్రి యుద్యోగము కొడుకు కోరునప్పుడు బయటపడును. కార్మికుల విన్నపములలో అది ఈనాటికిని వినవచ్చుచునే యున్నది.

నేను బడిపంతులుగా నున్న దినములలో హాజరుపట్టికలో పిల్లవాని పేరు పిలిచినప్పుడు పలుకక, ప్రక్కవాడు మోచేతితో పొడిచిన పిదప "హాజరు" అన్నవారిని చూచియున్నాను. ఇంటిలో ఒక పేరు, బడిలో ఒక పేరు. అప్పుడు దానిని పరాకనుకొని చీవాట్లు పెట్టితిని. ఇప్పుడు తలచుకొన్నచో సిగ్గగుచున్నది.

ఆ పెద్దమనిషి నాయొద్దకు రాకముందే కొడుకు ఒక పని చేసియుండెను. పట్టణములో వంశవృక్షములు వ్రాసియిచ్చు ఒక దుకాణమునకు పోయి, నాలుగువేల రూపాయలు చెల్లించి, తండ్రి పేరు, తాత పేరు చెప్పి వచ్చెను. పదిదినములలో రంగుల కాగితము వచ్చినది. చుట్టును తామరపూల అంచు, నడుమ మఱ్ఱిచెట్టు. మొదట ఒక మహర్షి, ఆపైన కాకతీయ సేనానాయకు డొకడు, ఆపైన వరుసగా దేశముఖులు, కడపటి కొమ్మన మన పెద్దమనిషి తండ్రి. ఆ తండ్రి పేరు చూడగా మస్టరులోని మాఱుపేరే! చెట్టు చక్కగనే కాచినది గాని, పరుల దొడ్డిలో కాచినది. అసలు ఆ పేరుగలవాడు గనికి వెఱచి ఊరికి మరలిపోయినవాడు. వానికి దేశముఖులు పూర్వులై యుండిన యెడల బాయిపనికి పేరే వ్రాయించుకొనకుండును.

ఆ దుకాణదారుని నేను ఎక్కువగా తప్పుపట్టను. ఆయన చేసినది క్రొత్త మోసము కాదు; మిక్కిలి ప్రాచీనమైనది, రాజాస్థానములలో మన్ననపొందినది. వేంగీ చాళుక్యుల తామ్రశాసనములు చూడుడు. తొలినాటి శాసనములు కుబ్జవిష్ణువర్ధనుని మొదలుకొని, ఎవడు ఎన్నేండ్లు పాలించెనో చెప్పి, దానవిషయమునకు వచ్చును. పదునొకండవ శతాబ్దిలో విమలాదిత్యుని కాలమునకు వచ్చుసరికి వంశము చంద్రునివఱకు పెరిగిపోయినది. అయోధ్యలో ఏబదితొమ్మిదిమంది చక్రవర్తులు సింహాసన మెక్కిరి. నాలుగువందల యేండ్లు పాలించిన వంశమునకు పూర్వులు తక్కువైరని ఏ పండితునికి తోచెనో! కాకతీయులును అంతే. కొన్ని శాసనములు వారిని చతుర్థ వర్ణమువారని నిస్సంకోచముగా చెప్పుచుండగా, గణపతిదేవుని మోటుపల్లి శాసనము సూర్యవంశమున చేర్చినది. రాజు సొమ్మిచ్చును, కవి పూర్వుల నిచ్చును. నాలుగువేల రూపాయల కాగితమును ఆ వ్యాపారమే.

అయితే అదే శాసనములలో నిజమును కలదు. దానిని వేఱుచేయుటయే నేర్పు. మన బొగ్గు ప్రాంతమునకు చేరువనే, ఇల్లందుకు సమీపమున, బయ్యారము చెఱువున్నది. ఆ చెఱువు కట్టించినది గణపతిదేవుని సోదరి మైలాంబ. అచ్చటి శాసనమున ఆమె తన పుట్టినింటి వంశమును వెన్నరాజు మొదలుకొని వరుసగా చెక్కించినది. ఆ పేర్లు నిజమా కల్పనయా యని సందేహింపవచ్చును. కాని అంతకు రెండువందల యేండ్లకు పైబడిన పూర్వము, 956 ప్రాంతమున, వేంగీ చాళుక్యుడైన దానార్ణవుడిచ్చిన మాంగల్లు శాసనములో కాకర్త్య గుండ్యన యనువాడును, అతని పెద్దలును కనబడుదురు. ఈ రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచియే చరిత్రకారులు కాకతీయుల తొలి తరములను కూర్చుకొనిరి. ఒకరి నొకరు ఎఱుగని రెండు సాక్ష్యములు ఒకే పేరు చెప్పవలెను. పెద్ద వంశమునకైనను, బొగ్గు కార్మికుని వంశమునకైనను వేఱు కొలబద్ద లేదు.

కావున నేను ఆ పెద్దమనిషితో, "రంగుల కాగితము అటుంచుడు. మీకు వంశము చెప్పు కులము ఒకటి కలదు గదా, వారిని పిలిపింపుడు" అంటిని.

వంశము చెప్పుట మన దేశమున ఒక వృత్తి. పురాణమునకు చెప్పిన అయిదు లక్షణములలో వంశము, వంశానుచరితము అను రెండు చేరియున్నవి. సూతులు, మాగధులు, వందులు రాజులకు ఆ పని చేసిరి. మన తెలుగు నాట విశేషమేమనగా, ఈ భోగము రాజులకే పరిమితము కాలేదు. ప్రతి కులమునకును తన వంశము చెప్పు కులమొకటి యేర్పడినది. కాపులకు పిచ్చికుంట్లవారు, పద్మశాలీలకు కూనపులివారు, గొల్లలకు మందహెచ్చులవారు, ముదిరాజులకు కాకిపడగలవారు, మాదిగలకు డక్కలివారు. బీదవాడనబడువానికిని ఇంటి ముందు నిలిచి "నీవు ఫలానావాని మునిమనుమడవు" అని ఎలుగెత్తి చెప్పువాడు ఉండెను. కొందఱు పటము విప్పి చూపుచు కథ చెప్పుదురు. చేర్యాల నకాషీవారు బారెడు బట్టపై వ్రాసిన ఆ పటములు ఇప్పుడు ధనికుల గోడల కలంకారములైనవి. అవి మొదట కులపురాణము చెప్పువాని గ్రంథములు.

పిచ్చికుంట్ల యను పేరునకు ఒక కథ చెప్పుదురు. అనేకులైన అన్నదమ్ములలో ఒకడు కుంటివాడట. సేద్యము చేయలేని ఆ తమ్ముని మేము పోషించెదము, నీవు మా వంశము పాడుమని తక్కినవారు ఒప్పుకొనిరట. కథ నిజమైనను కాకున్నను అందలి భావము గమనింపదగినది: వారు తాము యాచించుట లేదనియు, తమ పాలు తాము పుచ్చుకొనుచున్నామనియు దాని యర్థము. ఏ ఊళ్లు ఎవరివో వారిలో వారికి పంపకము కలదు. దానిని మిరాశీ యందురు. ఒకని మిరాశీ ఊళ్లలో మఱియొకడు చేయి చాపరాదు. 1995లో ప్రభుత్వము ఆ పాత పేరును తొలగించి వంశరాజు లని వ్రాసినది. మంచి పనియే. పేరు పెరిగినను రాబడి పెరుగలేదని వారిలో ఒకడు నాతో ననెను.

మా పెద్దమనిషి వెదకగా వెదకగా, గోదావరికి ఆవలి గట్టున నుండు ఒక వంశరాజు దొరకెను. అఱువదియేండ్లవాడు. వెంట మేనల్లుడు. వచ్చి అరుగుపై కూర్చుండి, మంచినీళ్లు త్రాగి, రాగము మొదలుపెట్టెను. ఆదిశక్తి, త్రిమూర్తులు, భూదేవి, మొదటి నాగలి, మొదటి కాపు. నేను చేయి యెత్తి, "అయ్యా, ఇది అందఱికిని చెప్పునదే కదా, వీరి యింటి సంగతి యెప్పుడు వచ్చును?" అని యడిగితిని. ఆయన కోపగింపక నవ్వి, "పైది దేవునికి సారూ, కిందిది మీకు" అనెను.

ఇంత క్లుప్తముగా ఈ విద్య స్వరూపమును ఏ గ్రంథమును చెప్పియుండదు. వారి చెప్పుటలో మూడు అంతరువులు గలవు. పైయంతరువు పురాణము, కులమంతటికిని ఒక్కటియే. నడిమిది గోత్రములు, ఇంటిపేర్లు, ఏ ఇంటిపేరు ఏ ఊరినుండి పుట్టినది అనునది. అది సగము పాట, సగము జ్ఞాపకము. క్రిందిది ఈ యింటి నాలుగైదు తరముల మనుష్యులు. ఎవని కెందఱు కొడుకులు, ఏ యాడుబిడ్డ నెచ్చటికిచ్చిరి, ఏ కోడలు ఎక్కడిది. ఆ భాగము ఆయన తండ్రి, తాత కోతల కాలమున కళ్లముల చెంత నిలిచి సంవత్సరము సంవత్సరము సరిచూచుకొన్నది. ఆస్థాన కవికి అవకాశము లేని పరీక్ష అది. తప్పు చెప్పిన యెడల ఆ యింటి ముసలమ్మయే లోపలినుండి కేకవేసి దిద్దును. వంశము వెదకించుకొనువారు డబ్బిచ్చి అడుగవలసినది ఈ క్రింది యంతరువును. మనవారు తఱచుగా పైదానికి మురిసి, క్రిందిది వినకమునుపే కట్నమిచ్చి పంపివేయుదురు.

కట్నము మాట వచ్చినది గనుక చెప్పెదను. బేరము ముందుగనే నేను కుదిర్చితిని. రాకపోకల ఖర్చు, దినమున కింత కూలి, ఏమియు దొరకకున్నను అంతయే. దొరకినయెడల ఇంతయని వేఱుగా ఆశపెట్టరాదు. అట్లు పెట్టినచో ఎవనికైనను దొరికితీరును! ఆయన మొదట ఆశ్చర్యపడెను. "దొరకకున్నా ఇస్తరా?" అని రెండుమార్లు అడిగెను. ఆ తరువాత ఆయన నోట "తెల్వది" అను మాట రాసాగెను. ఆ మాట వచ్చువఱకు నాకు ఆయనపై నమ్మకము కుదురలేదు.

మఱియొక జాగ్రత్త. మనకు తెలిసినది ముందుగా చెప్పకుండుట. రోగి తన రోగము పేరు తానే చెప్పిన పిదప వైద్యుడు నాడి చూచి లాభమేమి? ఆయన అడిగినదానికి మాత్రము జవాబు చెప్పుమని మా పెద్దమనిషికి బోధించితిని. మేనల్లుడు సెల్‌ఫోనులో సర్వము పట్టుచుండెను. నేను కాగితముపై వ్రాసికొంటిని.

ఆయన అడిగిన ప్రశ్నలు వింతగా నుండెను. మీ నాయన ఏ బావి నీళ్లు తలచుకొనెడివాడు? బోనము ఏ తల్లికి? మీ నాయన చెల్లె యని ఎవరి పేరైనా తీసెనా? మా పెద్దమనిషికి జ్ఞాపకమున్నది స్వల్పము. తండ్రి జ్వరములో "చింతలబాయి కాడ" అని కలవరించుట ఒకటి. రెండవది పెత్తరమాస. ఆనాడు పెద్దలకు బియ్యమిచ్చుట మన పల్లెలందు ఆచారము. తండ్రి స్నానముచేసి, విస్తరిలో బియ్యము, కూరగాయలు పెట్టి, అయ్యగారి ముందు రెండు పేర్లు పలికెడివాడట. ఒకటి మగపేరు, ఒకటి ఆడుపేరు. ఆ రెండు పేర్లు బాలుడైయున్న మా పెద్దమనిషి చెవిని పడి నిలిచిపోయినవి. మస్టరు గుమాస్తాకు ఏ పేరు చెప్పినను, చచ్చిన తల్లిదండ్రులకు బియ్యమిచ్చునప్పుడు మాఱుపేరు చెప్పడు గదా! బ్రాహ్మణుల తర్పణమున తండ్రి, తాత, ముత్తాత అని మూడు తరముల పేర్లు గోత్రముతో చెప్పుట విధి. ఈ కాపు తండ్రి రెండు పేర్లే చెప్పెను. కాని అవి నిజమైనవి. ముప్పదియైదేండ్ల కాగితములు చేయలేని పనిని అవి చేసినవి.

వంశరాజు ఆ పేర్లను, బావిని విని, కన్నులు మూసికొని చాలసేపు ఊరకుండి, "ఇది నా మిరాశీ కాదు. మా వియ్యంకుని ఊళ్ల దిక్కు" అనెను. వేఱొకడైనచో తానే ఏదో ఒకటి అల్లి కట్నము పట్టుకొనిపోవును. ఆయన మూడు వారముల తరువాత వియ్యంకుని వెంటబెట్టుకొని వచ్చెను. ఆ ముసలివానికి ఎనుబది దాటినవి, చూపు తగ్గినది, గొంతు తగ్గలేదు. మేము పేర్లు చెప్పకయే, చింతలబాయి ఊరి కాపుల వరుస చెప్పుమంటిమి. మూడవ ఇంటికి వచ్చునప్పటికి ఆ రెండు పేర్లును వరుసగా భార్యాభర్తలుగా వచ్చినవి. "కొడుకులు ముగ్గురు, బిడ్డ ఒక్కతె. పెద్దోడు సేద్యం, సిన్నోడు సేద్యం, నడిమోడు బాయికి పాయె. ఆడికి నిలిసింది" అని ముసలివాడు ఆపెను. మా పెద్దమనిషి లేచి లోపలికి పోయి, కొంతసేపటికి ముఖము కడుగుకొని వచ్చెను.

నాకు మాత్రము ఇంకను తీరలేదు. పండితుని సందేహము పిల్లి కన్ను వంటిది, చీకటిలోనే తెఱచుకొనును. నోటి సాక్ష్యమునకు కాగితపు సాక్ష్యము తోడు కావలెను. మన ప్రాంతమున దానికి మంచి చోటు భూమి లెక్క. నిజాము నాటి సేత్వారులు, ఆపైన 1954–55 నాటి ఖాస్రా పహాణీ గలవు. పట్టాదారు పేరు ప్రక్కన తండ్రి పేరు వ్రాయుట వారి నియమము గనుక, ఒక్క పంక్తిలో రెండు తరములు దొరకును. పాతవి చాలవఱకు ఉర్దూ లిపిలో నుండును. చదువగల ముసలి మున్షీని ఆశ్రయింపవలెను. ఫసలీ సంవత్సరము కనబడినచో దానికి 590 కలిపికొన్న యెడల ఇంచుమించుగా క్రీస్తు సంవత్సరము వచ్చును. హైదరాబాదు పోలీసు చర్య జరిగిన 1948 సెప్టెంబరు 1357 ఫసలీ అని గుర్తుంచుకొన్నచో తప్పు పడదు. పూర్వము ఊరి పట్వారీ అడుగకుండగనే ఇవన్నియు చెప్పువాడు. 1984లో ఆ పదవులు రద్దయినవి, వారి యిండ్లలోని కట్టలు చెదపురుగుల పాలైనవి అనేకము. కార్యాలయములో ధ్రువీకరించిన నకలు అడిగి తీసికొనవలెను. మాకు దొరకిన నకలులో చింతలబాయి చెంత భూమికి ఇద్దఱు పేర్లుండెను, పెద్దవాడు, చిన్నవాడు. తండ్రి పేరు పెత్తరమాస నాడు పలికిన పేరే. నడిమివాడు లేడు. ఉండరాదు గూడ, ఆతడు అప్పటికే బెల్లంపల్లి గనిలో పరుని పేరుతో నున్నవాడు. ఇటువంటి లోపము సాక్ష్యమునకు లోపము కాదు, బలము.

ఇంటిపేరు దొరకెను. గోత్రము దొరకెను. పిల్లవారిది వేఱు గోత్రమని తేలినది. ధర్మశాస్త్రము తండ్రి వైపు ఏడు తరములు, తల్లి వైపు అయిదు తరములు సపిండులను విడువుమన్నది; 1955 నాటి హిందూ వివాహ చట్టము దానిని అయిదు, మూడుగా తగ్గించినది. మన తెలుగువారు మేనఱికము చేసికొని ఆ రెండవ లెక్కను ఏనాడో నవ్వి విడిచిరి, చట్టమును ఆచారమునకు చోటిచ్చినది. ఎటులైనను ఈ సంబంధమునకు ఆటంకము లేదని నేను చెప్పగలిగితిని.

ఇట్లు పేరు తప్పిపోయి వంశము వెదకికొనువారు మా బొగ్గు ప్రాంతమున మాత్రమే లేరు. 1860 మొదలు 1911 వఱకు నేటాలునకు, 1834 తరువాత మారిషస్‌నకు, 1916 వఱకు ఫిజీకి కూలి యొడంబడికపై ఓడలెక్కిన వారిలో మన గంజాము, విశాఖ, గోదావరి జిల్లాలవారు వేలకొలదిగా నుండిరి. నేటాలునకు పోయినవారే అన్ని భాషలవారు కలిసి లక్షన్నరకు పైబడిరి. ప్రతివానికిని ఒక పత్రముండెను. పేరు, తండ్రి పేరు, ఈడు, కులము, జిల్లా, ఊరు, శరీరముపై మచ్చ. గుమాస్తా చెవికి ఎట్లు వినబడెనో అట్లు వ్రాసెను గనుక ఊరి పేరు గుర్తుపట్టుట కష్టము. మారిషస్‌లో మహాత్మాగాంధీ సంస్థయందు ఆ పత్రములు భద్రపఱచిరి. అక్కడి నాలుగవ తరము, అయిదవ తరమువారు డబ్బిచ్చి పరిశోధకుల నియమించి, ఆ పత్రము పట్టుకొని మన పల్లెలకు వచ్చుచున్నారు. ఉత్తరమున హరిద్వారపు పండాలు యాత్రికుల తరతరముల పేర్లు బహీలలో వ్రాసి యుంచినారు. అమెరికాలోని యూటా వంశచరిత్ర సంఘమువారు వానికి ఛాయాచిత్రములు తీసికొనిపోయిరి. గోదావరికి 2015లో పుష్కరములు వచ్చినప్పుడు మన ధర్మపురిలో, మంథనిలో, కాళేశ్వరములో పిండము పెట్టినవారిని అయ్యగారు మూడు తరముల పేర్లడుగగా ఎందఱు నీళ్లు నమిలిరో నేను కన్నులార చూచినాను. బీదలును ధనికులును, చదివినవారును చదువనివారును. 2027లో పుష్కరములు మరల రానున్నవి.

శరీరముపై మచ్చ యంటిని. ఆ మాట ఊరక అనలేదు.

ముసలి వంశరాజు "బిడ్డ ఒక్కతె" అనెను గదా. దుకాణపు రంగుల చెట్టుపై ఒక్క ఆడుపేరు లేదు. మన పండితుల వంశావళులలోను లేవు, సిగ్గుపడవలసిన మాట. మైలాంబ తన పుట్టింటి వంశము చెక్కించి పుణ్యము కట్టుకొన్నది గాని, ఆమె పేరు ఆమె అన్నదమ్ముల వంశావళిలో ఎన్నిచోట్ల నున్నది? పిచ్చికుంట్లవారు మాత్రము ఆడుబిడ్డలను మఱువరు. ఆమెను ఇచ్చిన ఊరిలోను కట్నము రావలెను గదా! లోభమో ధర్మమో, లెక్క నిలిచినది. ఆ బిడ్డ నిచ్చిన ఊరేదని యడుగగా, ఆయన వేళ్లు మడిచి రెండు ఊళ్లు చెప్పి, ఒకటి నిశ్చయించెను. విచారింపగా ఆమె జీవించియున్నది. తొంబది యేండ్లకు సమీపించినది.

మేము నలుగురము పోతిమి. ఆమె మంచముపై కూర్చుండి యుండెను. మా పెద్దమనిషి తాను ఎవడో చెప్పెను. ఆమె ఆనందము చూపలేదు, ఏడువలేదు. "మా నడిపన్న కుడికాలు ఎట్లుంటుండె?" అని అడిగెను. "చిటికెనవేలు లేకుండె. గొడ్డలి పడ్డదని చెప్తుండె" అని ఈయన యనెను. "గొడ్డలి కాదు, గడ్డి కోసే కొడవలి. కోసింది నేనే" అని ఆమె యనెను. అటుపిమ్మట ఏడ్చినది. తనవల్లనే కాలు పోయినదని అన్నకు కోపము, అందుచేతనే ఇల్లు విడిచి రాలేదని డెబ్బది యేండ్లకు మించి ఆమె మనసులో పెట్టుకొన్నదట. ఆతడు పోయినది అప్పువలన. కొడవలి సంగతి ఇంటిలో ఎన్నడు ఎత్తలేదని, గొడ్డలి యని చెప్పుట చెల్లెలి పేరు రాకుండుటకేమో యని ఈయన చెప్పెను. నేను అంతవఱకు వ్రాసికొనుచుండినవాడను, ఆ పూట కాగితము మడిచి జేబులో పెట్టుకొంటిని.

ఇక మిగిలినది శుభలేఖ. ఏ యింటిపేరు వేయించవలెను? పింఛను కాగితము, కొడుకు ఉద్యోగము, మనుమని పట్టాలు సమస్తము మాఱుపేరున నున్నవి. వానిని మార్చబోయినచో తేనెపట్టు కదల్చినట్లగును. కొడుకు భయపడెను, అందులో న్యాయమున్నది. రెండు దినములు ఇంటిలో మాటలు పెరిగినవి. కడపట శుభలేఖలో అసలు ఇంటిపేరును, వివాహపు రిజిస్టరులో కాగితపు పేరును అని నిశ్చయించుకొనిరి. నేను వ్యాకరణము చదివినవాడను. ఒకే అర్థమునకు రెండు రూపములు వికల్పముగా సాధువులగుట నాకు క్రొత్త కాదు.

కొడుకునకు ఇంకొక కోరిక కలిగినది. మాఱుపేరు సంగతి వంశములో చెప్పవద్దని వంశరాజును బతిమాలెను, రెండు వేలు ఎక్కువ ఇత్తుననెను. ముసలివాడు, "పటేలా, ఆ పేరుతోనే గదా మీ నాయన అన్నం తిన్నది" అని ఊరకుండెను. డబ్బు ముట్టుకొనలేదు. ఒప్పుకొన్న కూలి, ఒక బస్తా బియ్యము, ధోవతి, పెండ్లినాడు భోజనము. ఇంతయే ఆయన తీసికొన్నది. రంగుల చెట్టు ఆ యింటి గోడనే యింకను వ్రేలాడుచున్నది, నాలుగువేలు పెట్టినది తీసివేయుటకు వారికి మనసొప్పలేదు.

పెండ్లికి మేనత్త వచ్చినది. పంట చేతికి వచ్చిన నెలలో ముసలి వంశరాజు మేనల్లుని కొడుకు చేయి పట్టుకొని మరల వచ్చి, అరుగుపై కూర్చుండి, వంశము మొదలునుండి చెప్పెను. "నడిమోడు బాయికి పాయె" అన్నచోట ఈ మాఱు ఆగలేదు. మాఱుపేరును చెప్పెను, కొడుకును చెప్పెను, మనుమని చెప్పెను. క్రొత్త కోడలివద్దకు వచ్చి ఆమె తండ్రి ఊరు, తల్లి ఇంటిపేరు అడిగి తెలిసికొని, అమ్మమ్మగారి ఊరేదని యడిగెను. ఎవ్వరికిని తెలియలేదు. ఆ పిల్ల ఫోను తీసి తల్లిని పిలిచి, "అమ్మా, అమ్మమ్మ పుట్టిల్లు ఏ ఊరే?" అని అడుగుచుండగా ముసలివాడు చెవి యొగ్గి కూర్చుండెను.